దట్టమైన కార్పెట్‌కు సరిపడే వ్యాక్యూమ్ బ్రష్: సీబో ఈటీ-1పై సమీక్ష, మిగతా రకాలతో పోలిక

అమెరికాలో అద్దె అపార్ట్‌మెంట్లలో పరిచే కార్పెట్‌కూ, సొంత ఇల్లు కొనుక్కున్నాక పడకగదుల్లోనూ మెట్ల మీదా ఏరి కోరి వేయించుకునే మెత్తటి కార్పెట్‌కూ అసలు తేడా పోగు పొడవులో ఉంటుంది. అద్దె ఇళ్లలోది సాధారణంగా పావు అంగుళానికి కాస్త అటూ ఇటూగా ఉండే పొట్టి పోగు కనుక దాని మీద ఏ వ్యాక్యూమ్ అయినా సాఫీగా నడుస్తుంది. అర అంగుళం దాటి ముప్పావు అంగుళం వరకూ వెళ్లిన పోగు మీద అదే యంత్రం మొరాయిస్తుంది. బలవంతాన తోసినా పైపైన ఉన్న నలుసులను తీసుకుంటుందే తప్ప అడుగున దిగిన ఇసుకను కదపలేదు. అప్పుడు చాలామంది వ్యాక్యూమ్‌నే మార్చేస్తారు. నిజానికి మార్చవలసింది, లేదా కొనేటప్పుడే చూసుకోవలసింది, గొట్టం చివర ఉండే బ్రష్‌ను, అంటే నేలకు ఆనే హెడ్‌ను.

దీనికి కారణం గాలి నడక. డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే పాస్కల్స్ అంకె, గొట్టం మూతి పూర్తిగా మూసేసినప్పుడు యంత్రం ఎంత గట్టిగా లాగుతుందో చెబుతుంది. దుమ్మును పోగుల మధ్య నుంచి లేపి సంచీ దాకా మోసుకుపోయేది మాత్రం కదిలే గాలి. మెత్తటి, ఒత్తైన కార్పెట్ మీద అడుగు చదునుగా ఉన్న హెడ్‌ను పెడితే పోగులు అన్ని వైపుల నుంచీ దాన్ని చుట్టుముట్టి గాలి చొరబడే సందు లేకుండా చేస్తాయి. నోటికి దిండు అడ్డుపెట్టుకుని ఊపిరి పీల్చినట్టు ఉంటుంది ఆ యంత్రం పరిస్థితి: లాగుడు విపరీతం, లోపలికి వెళ్లేది శూన్యం. అందుకే వాట్లు ఎక్కువున్న యంత్రం తెచ్చుకున్నవారికే ఈ ఇబ్బంది మరింత ఎక్కువగా ఎదురవుతుంది.

క్యానిస్టర్‌తో (చక్రాల మీద వెంట లాక్కుపోయే, పొడవాటి గొట్టమున్న వ్యాక్యూమ్‌తో) పాటు వచ్చే మామూలు హెడ్, అంటే కాలితో మీట నొక్కితే కుచ్చు బయటికీ లోపలికీ వెళ్లే రకం, ఈ పనికి సరిపోదు. గట్టి నేలకూ పల్చటి తివాచీకీ చక్కగా పనికొస్తుంది కానీ, దానిలో తిరిగే బ్రష్ లేదు కనుక పోగులను విడదీసే ఏర్పాటే లేదు.

దాని తరువాతి మెట్టు టర్బో బ్రష్. దీనికి కరెంటు అక్కరలేదు. యంత్రం లాగే గాలే లోపలి చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం బ్రష్‌ను తిప్పుతుంది. ధర తక్కువ, ఏ గొట్టానికైనా తగిలించుకోవచ్చు, అందుకే దుకాణాల్లో ముందుగా దీన్నే చూపిస్తారు. అయితే దట్టమైన కార్పెట్ మీద గాలి ప్రవాహం పడిపోగానే చక్రం వేగమూ పడిపోతుంది, అంటే బ్రష్ అవసరం ఎక్కువున్న చోటే అది ఆగిపోతుంది. దీన్ని చెవితోనే పసిగట్టవచ్చు. హాలులోని పల్చటి రగ్గు మీద సన్నగా, నిలకడగా వినిపించే ఈల పడకగదిలోకి రాగానే బొంగురుపోయి, ఆ తరువాత పూర్తిగా మాయమవుతుంది. పొడవాటి జుట్టున్న ఇంట్లో అయితే ఇరుసుకు వెంట్రుకలు చుట్టుకుని అది ఆగిపోయే రోజు మరింత త్వరగా వస్తుంది. మేము కొన్న టర్బో బ్రష్ ఇప్పుడు కారు సీట్ల కింద రాణిస్తోంది, దాని స్థాయికి అదే తగిన కొలువు.

ఇక మోటారు ఉన్న బ్రష్ సంగతికి వస్తే, మేము స్థిరపడినది జర్మనీకి చెందిన సీబో కంపెనీ ఈటీ-1. దీని వెడల్పు 12 అంగుళాలు. బ్రష్‌ను తిప్పే మోటారు హెడ్‌లోనే ఉంటుంది కనుక గాలి తగ్గినా బ్రష్ వేగం తగ్గదు. ఈ సమీక్షకు అంతకంటే ముఖ్యమైన విషయం, బ్రష్ ఎత్తును చేత్తో నాలుగు స్థాయుల్లో మార్చుకునే మర. మొదట అన్నిటికంటే పై స్థాయిలో పెట్టి, హెడ్‌ను నెమ్మదిగా వెనక్కి లాగుతూ, కుచ్చు కొసలు పోగు కొసలను తాకి ఊరుకునే దాకా ఒక్కో మెట్టు దించుకోవాలి. అంతకు మించి దించితే దుమ్ము ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. హెడ్ కార్పెట్‌కు అతుక్కుపోతుంది, మోటారు మీద భారం పడుతుంది, పోగుల కొసలు విడిపోయి పీచులా లేస్తాయి. బ్రష్ ఎక్కడైనా ఇరుక్కుంటే ఈ హెడ్ తనంతట తానే ఆగిపోతుంది. చంటిపిల్లల సాక్సులు కార్పెట్ మీద పడి ఉండే ఇళ్లలో ఈ ఏర్పాటు విలువ తొందరగానే తెలుస్తుంది.

దీని పనితనం తెలియాలంటే వరలక్ష్మీవ్రతం మర్నాడు చూడాలి. అక్షింతలు పైకి కనిపించవు. పోగుల మొదళ్ల దాకా జారి, అరికాలికి మాత్రమే తగులుతాయి. మామూలు హెడ్ వాటి మీదుగా వెళ్లిపోయేది. ఈటీ-1ను నెమ్మదిగా లాగితే లోహపు గొట్టంలో గింజలు గలగలమంటూ వెళ్లడం వినిపిస్తుంది, ఆ చప్పుడు ఆగేదాకా అదే చోట రెండు మూడు సార్లు తిప్పితే సరిపోతుంది. కుంకుమ విషయంలో మాత్రం ఏ బ్రష్ మీదా ఆశ పెట్టుకోకూడదు. తిరిగే బ్రష్ దాన్ని పోగుల్లోకి ఇంకా రుద్దుతుంది కనుక ముందు బ్రష్ లేకుండా ఉత్త గొట్టం మూతితో తీసి, ఆ తరువాతే హెడ్ తగిలించాలి.

వెంట్రుకల బాధ దీనికీ తప్పదు. కాకపోతే పనిముట్లేవీ లేకుండా, మీట నొక్కి బ్రష్‌ను పక్కకు లాగి బయటికి తీయవచ్చు. దాన్ని ఒళ్లో పెట్టుకుని చిన్న కత్తెరతో పొడవునా ఒక గీత గీసినట్టు కత్తిరిస్తే చుట్టుకున్న జుట్టంతా చాపలా విడివడి వస్తుంది. స్క్రూలు విప్పితే తప్ప బ్రష్ బయటికి రాని హెడ్‌లను, అవి ఎంత బాగా పనిచేసినా, నేను ఎవరికీ సిఫారసు చేయను, ఎందుకంటే విప్పడం కష్టమైన దాన్ని ఎవరూ శుభ్రం చేయరు.

మీలే కంపెనీ ఎలక్ట్రో బ్రష్‌లలో ఎస్ఈబీ 228 కూడా ఇదే తరహా వస్తువు, దానికి ఎత్తు స్థాయులు అయిదు. ఇప్పటికే ఆ కంపెనీ క్యానిస్టర్ ఉన్నవారు దాన్నే తీసుకోవడం తెలివైన పని. అయితే ఈ రెండిటికీ లోపల కరెంటు తీగ వెళ్లే ప్రత్యేకమైన గొట్టమూ, దానికి తగిన క్యానిస్టరూ కావాలి. ఉత్త ప్లాస్టిక్ గొట్టంతో వచ్చిన యంత్రానికి వీటిని తగిలించడం కుదరదు. గొట్టపు కొలత కూడా చూసుకోవాలి: చాలా యంత్రాలకు 32 మిల్లీమీటర్లు ఉంటే, మీలేకు 35.

పైన చెప్పినదంతా నైలాన్, పాలిస్టర్ వంటి కృత్రిమ పోగుల కార్పెట్‌కు వర్తిస్తుంది. పోగు అంగుళం దాటి వదులుగా వేలాడే షాగ్ రగ్గుకూ, ఉన్నితో చేసిన లావు పోగుల తివాచీకీ లెక్క వేరు. జార్జియా రాష్ట్రం డాల్టన్‌లోని షా వంటి కార్పెట్ తయారీదారులే ఇలాంటి వాటికి తిరిగే బ్రష్ వద్దని, పీల్చే హెడ్ మాత్రమే వాడమని, లేదా పోగును కదపనంత ఎత్తుకు బ్రష్‌ను లేపమని సలహా ఇస్తారు. పొడవాటి పోగు ఇరుసుకు చుట్టుకుంటే రగ్గు పాడవుతుంది, బ్రష్‌ను తిప్పే బెల్టూ తెగుతుంది. ఈటీ-1ను నాలుగో స్థాయిలో పెట్టినా మా షాగ్ రగ్గు మీద నేను వాడను. సోఫా కోసం ఇచ్చే చిన్న హెడ్ తగిలించి, పిడి దగ్గరుండే గాలి మూతను సగం తెరిచి, పోగు వాలిన వైపుగానే లాగుతాను. ఓపిక కావాలి, కానీ రగ్గు నిలుస్తుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టైల్స్ నేల మీద ఒక్క షాగ్ రగ్గు పరుచుకున్నవారికి ఇంత ఖరీదైన హెడ్ అవసరం లేదు. ఆ రగ్గును మేడ మీదికి తీసుకెళ్లి బోర్లించి దులపడం దానికంటే మేలు. అమెరికా నుంచి అక్కడికి హెడ్ పట్టుకెళ్లాలనుకునేవారు ఇంకో సంగతి గమనించాలి: అమెరికాలో అమ్మే మోటారు బ్రష్‌లు 120 వోల్టులవి, 230 వోల్టుల యంత్రానికి వాటిని తగిలిస్తే మోటారు కాలిపోతుంది.

ఆన్‌లైన్లో కొనే ముందు వీలైతే వ్యాక్యూమ్‌లు మరమ్మతు చేసే చిన్న దుకాణానికి, కార్పెట్ వేయించినప్పుడు మిగిలిన ముక్కను తీసుకుని వెళ్లండి. నేల మీద పరిచిన ఆ ముక్క మీద హెడ్‌ను ఒంటిచేత్తో వెనక్కి లాగి చూడనివ్వమని అడగండి. ముక్క హెడ్‌తో పాటు పైకి లేచి వస్తే ఎత్తు ఒక మెట్టు పెంచమనండి. అన్నిటికంటే పై స్థాయిలోనూ లేస్తూనే ఉంటే ఆ హెడ్ మీ కార్పెట్‌కు పనికిరాదు.