ఫ్లేక్8కూ లాంగ్వేజ్ సర్వరుకూ తగవు: యూవీ ఎంతవరకు తీర్చింది

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో, రుషికొండలోని మా కార్యాలయపు పైథాన్ ప్రాజెక్టును కొత్త ల్యాప్‌టాప్‌లో సిద్ధం చేసుకుంటూ నేను చేసిన పొరపాటు చిన్నదే. ప్రాజెక్టు ప్యాకేజీల కోసం విడి గదిలా పెట్టుకున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంటులోనే, నియోవిమ్ అనే కోడ్ ఎడిటరుకు కావలసిన లాంగ్వేజ్ సర్వరును (రాస్తుండగానే కోడులోని తప్పులు చూపే సహాయక ప్రోగ్రామును) కూడా, పైథాన్ ప్యాకేజీలను దింపే పిప్‌తో ఎక్కించాను. ఇన్‌స్టాలేషన్ పూర్తయింది గాని, చివర ఎర్రటి అక్షరాలలో ఒక మాట మిగిలింది: ఫ్లేక్8 7.0.0కు పైకోడ్‌స్టైల్ 2.11 వరుస కావాలి, ఉన్నది 2.12.1. ఫ్లేక్8 అంటే ప్రాజెక్టు కోడును తనిఖీ చేసే పనిముట్టు, అది వాడుకునే శైలి తనిఖీల ప్యాకేజీ పైకోడ్‌స్టైల్. 2.12.1ను వెంట తెచ్చినది సర్వరు. పని ఆగలేదు గనుక చూసీ చూడనట్టు వదిలేశాను. ఆ తర్వాత డెకరేటరు గుర్తు (ఫంక్షను పైన రాసే @) పక్కన ఖాళీ ఉన్నదంటూ ఎడిటరు ఈ204 అనే సంకేతంతో తప్పు చూపించేది, కార్యాలయంలోని తనిఖీ మాత్రం అదే ఫైలును ఏ అభ్యంతరమూ లేకుండా ఆమోదించేది. సాయంత్రమంతా ఎడిటరు సెట్టింగులు తిరగేసిన తర్వాత గాని ఆ ఎర్ర అక్షరాలు గుర్తుకు రాలేదు.

ఇందులో ఫ్లేక్8ను తప్పుపట్టడానికి లేదు. పైకోడ్‌స్టైల్ చిన్న విడుదలలలో కూడా కొత్త తనిఖీలు చేరుతుంటాయి. ఈ204 చేరినది 2.12లోనే. వాడుకరి కోడులో రాత్రికి రాత్రి కొత్త తప్పులు పుట్టుకురాకుండా ఉండేందుకు ఫ్లేక్8 కావాలనే ఒక్కో విడుదలకు ఒక్కో వరుసను ఖాయం చేసుకుంటుంది: 7.0కు 2.11, 7.1కు 2.12. అటువంటి పనిముట్లను రెండింటిని ఒకే గదిలో పెట్టడమే నా తప్పు.

ఆ రోజు నుంచి పిప్ స్థానంలో యూవీని వాడుతున్నాను. ఆస్ట్రల్ సంస్థ 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఈ ఉచిత సాధనాన్ని రస్ట్ భాషలో రాశారు. దాని వేగాన్ని గురించి అందరూ చెబుతారు, అది నిజమే. అయితే నాకు వేగం కంటే అది తప్పు చెప్పే తీరు ఎక్కువ నచ్చింది. ఫ్లేక్8 7.0నూ ఆ సర్వరునూ కలిపి ప్రాజెక్టులో చేర్చమని అడిగితే యూవీ ఏదీ ఎక్కించకుండా ఆగిపోయి, ఫ్లేక్8 ఫలానా వరుసను కోరుతున్నందువల్ల, సర్వరు మరో వరుసను కోరుతున్నందువల్ల, మీ ప్రాజెక్టు రెండింటినీ కోరుతున్నందువల్ల ఇది కుదరదని, హేతువు వెనుక హేతువు పేర్చి, తర్కశాస్త్రం చదివిన పండితుడిలా నిర్ణయం వినిపిస్తుంది. డార్ట్ భాష ప్యాకేజీల కోసం మొదట రూపొందిన పబ్‌గ్రబ్ అనే పద్ధతి దీనికి ఆధారం. ఏ ప్యాకేజీని ఎవరు లాక్కొచ్చారో తెలుసుకోవాలంటే 'యూవీ ట్రీ' ఆదేశాన్ని తిరగేసిన క్రమంలో, అంటే 'ఇన్వర్ట్' జోడించి, నడిపితే సరిపోతుంది.

తగవు తీర్చే అసలు ఉపాయం 'యూవీ టూల్ ఇన్‌స్టాల్'. ఇది ఒక్కొక్క పనిముట్టుకు ఒక్కొక్క విడి ఎన్విరాన్‌మెంటు కట్టి, ఆదేశాన్ని మాత్రం ఏ ప్రాజెక్టు నుంచైనా అందేచోట ఉంచుతుంది. లాంగ్వేజ్ సర్వరును ఇలా వేరు కాపురం పెట్టించిన వెంటనే ప్రాజెక్టులోని పైకోడ్‌స్టైల్ జోలికి ఎవరూ రాలేదు. అయితే విడిగా ఉన్న సర్వరుకు మన ప్రాజెక్టులోని లైబ్రరీలు కనబడవు గనుక, లైబ్రరీలను చదివే దాని జేడై అనే భాగపు సెట్టింగులో ప్రాజెక్టు ఎన్విరాన్‌మెంటు దారిని మనమే ఇవ్వాలి.

అన్ని పనిముట్లనూ ఇలా బయటికి పంపకూడదు. కోడును తనిఖీ చేసే రఫ్, తీర్చిదిద్దే బ్లాక్ వంటివి కోడు పాఠాన్ని మాత్రమే చదువుతాయి గనుక బయట హాయిగా ఉంటాయి. మధురవాడలో ఉండే మా అన్నయ్య కొడుకు నా మాట విని పైలింట్ అనే మరో తనిఖీ పనిముట్టును కూడా బయట పెట్టుకుని, మర్నాడే ఫోన్ చేశాడు: "బాబాయ్, లైబ్రరీ ఎక్కించే ఉంది కదా, పైలింట్ దొరకలేదంటుందేమిటి?" పైలింట్, టైపులను సరిచూసే మైపై వంటివి మనం వాడే లైబ్రరీలను తెరిచి చూస్తేనే తీర్పు చెప్పగలవు, వాటిని 'యూవీ యాడ్'కు 'డెవ్' జోడించి ప్రాజెక్టులోపలే చేర్చుకోవాలి. ఈ తేడాను ముందుగా చెప్పకపోవడం నా పొరపాటే.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. యూవీ కట్టిన ఎన్విరాన్‌మెంటులో, ప్రత్యేకంగా 'సీడ్' అని అడిగితే తప్ప, పిప్ ఉండదు. పాత అలవాటుతో పిప్ ఆదేశం కొట్టినవారు సిస్టం పైథాన్‌కు చెందిన పిప్‌ను కదిలించే ప్రమాదం ఉంది. ఉబుంటు 24.04లో అయితే ఆ దారి ముందే మూసి ఉంటుంది, ఎన్విరాన్‌మెంటు బయటి నిర్వహణలో ఉన్నదన్న సందేశం వస్తుంది. 'యూవీ సింక్' నడిపినప్పుడు ఖాయం చేసిన వెర్షన్ల జాబితా అయిన లాక్ ఫైలులో లేని ప్యాకేజీలు మనల్ని అడగకుండానే తొలగిపోతాయి, చేత్తో ఎక్కించినవి నిలవవు. ఒకసారి దింపిన ప్యాకేజీ కాష్‌లో ఉండిపోతుంది గనుక రెండో ప్రాజెక్టుకు మళ్లీ డేటా ఖర్చు కాదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసే రోజుల్లో నాకు ఇది బాగా అక్కరకు వచ్చింది.

ఇంతా చేశాక ఈ204 మాట ఏమైందంటే, అది యూవీతో పోలేదు. సర్వరు తన గదిలో 2.12తోనూ, ప్రాజెక్టు తన గదిలో 2.11తోనూ ఉన్నంతకాలం ఎడిటరు ఒక మాట, కార్యాలయం మరో మాట చెబుతూనే ఉన్నాయి. ప్రాజెక్టుకు కావలసిన ప్యాకేజీలను రాసుకునే పైప్రాజెక్ట్ ఫైలులో ఫ్లేక్8ను 7.1కు మార్చి, లాక్ ఫైలును మళ్లీ రాయించి, డెకరేటరు పక్కనున్న ఖాళీని చెరిపేసిన తర్వాతే రెండు చోట్లా తనిఖీ ఒకే మాట చెప్పింది.