రాత్రి పదకొండు గంటల మెయిల్‌కు ఏ తాళం మేలు: పీడీఎఫ్ పాస్‌వర్డా, జీపీజీయా, ఎస్‌మైమా?

హనుమకొండలోని ఒక అకౌంట్స్ ఆఫీసు సర్వర్‌ను నేను చూసుకుంటాను. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి కొనే వ్యాపారుల లెక్కలు రోజూ రాత్రి పదకొండింటికి క్రాన్ (చెప్పిన వేళకు కమాండ్‌ను తనంతట తానే నడిపే ఏర్పాటు) ద్వారా వాటంతటవే మెయిల్‌లో వెళ్తాయి. పాన్ నంబరు, బ్యాంకు ఖాతా, ఎవరికి ఎంత బాకీ అన్న వివరాలన్నీ వాటిలో ఉంటాయి కనుక ఎన్‌క్రిప్ట్ చేయక, అంటే తాళంచెవి ఉన్నవారికి తప్ప చదవరాకుండా మార్చక తప్పదు. అయితే ఆ వేళకు పాస్‌వర్డ్ కొట్టడానికి ఆఫీసులో మనిషి ఉండడు. అందుకే కమాండ్ లైన్‌లో నడిచే మూడు పద్ధతులనూ వాడి చూశాను.

అన్నింటికన్నా సులువైనది క్యూపీడీఎఫ్ అనే ప్రోగ్రామ్‌తో పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ పెట్టడం. అందుకునేవారు ఫోన్‌లోనే తెరుచుకోగలరు. అది వాడే 256 బిట్ల ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో లోపమేమీ లేదు. లోపమల్లా పుట్టిన తేదీని పాస్‌వర్డ్‌గా పెట్టే మన అలవాటులో ఉంది. ఎనభై ఏళ్ల తేదీలన్నీ కలిపినా దాదాపు 29,200 మాత్రమే కాబట్టి, మామూలు ల్యాప్‌టాప్ కూడా వాటిని కాసేపట్లో ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూడగలదు. ఆ మాత్రం శ్రమ కూడా అక్కర్లేదు, ఆధార్ జిరాక్స్ ఇచ్చిన ప్రతిచోటా ఆ తేదీ దొరుకుతుంది.

జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ దారి వేరు. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో విడుదల చేసిన పీజీపీ బాటలోనే వెర్నర్ కోచ్ దీన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా రాశారు, 1.0 వెర్షన్ 1999లో వచ్చింది. ఎన్‌క్రిప్ట్ చేయడానికి అందుకునేవారి పబ్లిక్ కీ (ఎవరికైనా ఇవ్వదగిన తాళంచెవి) ఒక్కటి చాలు, దానితో వేసిన తాళాన్ని వారి దగ్గరి రహస్య కీ మాత్రమే తీస్తుంది. సర్వర్‌లో ఏ రహస్యమూ దాచనవసరం లేదు కనుక రేపు ఆ పెట్టెను ఎవరైనా ఎత్తుకుపోయినా, అప్పటికే వెళ్లిన మెయిళ్లు దానితో తెరుచుకోవు. మనిషి లేకుండా నడిచే పనికి ఇంతకన్నా కావలసిన గుణం లేదని నా అభిప్రాయం. ‘బ్యాచ్’ ఆప్షన్ ఇస్తే మధ్యలో ప్రశ్నలు వేసి ఆగిపోదు. కీ నిజంగా ఆ మనిషిదేనా అన్నది మాత్రం ఫోన్ చేసి, ఫింగర్‌ప్రింట్ (ఆ కీని గుర్తించే అక్షరాలు, అంకెల వరుస) చదివించుకుని మనమే ముందుగా సరిచూసుకోవాలి.

ఇందులో నేనూ దెబ్బతిన్నాను. ఒకరోజు జగిత్యాల నుంచి ఒక వ్యాపారి ఫోన్ చేసి, “సార్, మెయిల్ అయితే వచ్చింది గనీ లోపల ఏం లేదు” అన్నారు. ఆయన కీ గడువు ముందురోజే తీరిపోయింది. జీపీజీ తన ధర్మం ప్రకారం ఎన్‌క్రిప్ట్ చేయనని ఆగిపోయింది. కానీ నేను దాని అవుట్‌పుట్‌ను పైప్ (ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి అందించే ఏర్పాటు) ద్వారా నేరుగా మెయిల్ కమాండ్‌కు కలిపినందువల్ల, మెయిల్ కమాండ్ ఖాళీ ఉత్తరాన్ని పంపేసి పని పూర్తయిందని చెప్పింది. పైప్‌లో చివరి కమాండ్ ఫలితాన్నే షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) మామూలుగా లెక్కలోకి తీసుకుంటుంది. ఇప్పుడు స్క్రిప్ట్‌లో, పైప్‌లో ఏ కమాండ్ విఫలమైనా మొత్తం విఫలమైనట్టే లెక్కించే ‘పైప్‌ఫెయిల్’ పెట్టాను. ఎన్‌క్రిప్ట్ చేసినదాన్ని ముందు ఫైల్‌గా రాసి, జీపీజీ సున్నా (పని సవ్యంగా జరిగిందన్న గుర్తు) తిరిగిచ్చాకే పంపుతున్నాను. ఖాళీ ఉత్తరం వెళ్లింది కాబట్టి సరిపోయింది, అదే తప్పుకు అసలు లెక్కలు ఎన్‌క్రిప్ట్ చేయకుండానే పంపే స్క్రిప్టులు కూడా ఉంటాయి.

సర్టిఫికెట్లతో మెయిల్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి అయిన ఎస్‌మైమ్‌కు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రామ్ చాలు. అవుట్‌లుక్, ఐఫోన్ మెయిల్ అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండానే దాన్ని తెరుస్తాయి. జీపీజీకి విండోస్‌లో క్లియోపాట్రా లాంటి ప్రోగ్రామ్ వేసుకోవాలి. కాని ఎస్‌మైమ్‌లో అందుకునే ప్రతివారికీ సర్టిఫికెట్ (పబ్లిక్ కీ ఎవరిదో ధ్రువీకరించే డిజిటల్ పత్రం) కావాలి. మన ఆడిటర్ల దగ్గర డీఎస్‌సీ టోకెన్ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్ ఉండే యూఎస్‌బీ పరికరం) ఉంది కదా అని నేనూ మొదట సంబరపడ్డాను. కానీ రిటర్నులకు వాడేది చాలావరకు సంతకం సర్టిఫికెట్. ఎన్‌క్రిప్షన్‌ది వేరు, ఈ-టెండర్లు వేసే కాంట్రాక్టర్లు తీసుకునే ‘కాంబో’లో ఆ రెండూ ఉంటాయి. పైగా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పాత వెర్షన్లలో ఏమీ చెప్పకపోతే ట్రిపుల్ డీఈఎస్ అనే పాత, బలహీనమైన పద్ధతిని వాడుతుంది కనుక ఏఈఎస్-256 అని కమాండ్‌లోనే రాయడం మంచిది.

మా ఆఫీసు వరకు ఆడిటర్లకూ కరీంనగర్ శాఖకూ జీపీజీయే మేలు. అందరూ అవుట్‌లుక్ మీదే పనిచేస్తూ, సర్టిఫికెట్లు చూసుకోవడానికి మనిషి ఉన్న కంపెనీకైతే ఎస్‌మైమ్ అనే అంటాను. ఫోన్ తప్ప కంప్యూటర్ ముట్టని వ్యాపారులకు పీడీఎఫే పంపుతున్నాను, అయితే పాస్‌వర్డ్ యాదృచ్ఛికంగా తీసిన ఇరవై అక్షరాలది, ఒకసారి ఫోన్‌లో చెప్పి రాయించినది. ఈ మూడింటిలో ఏది వాడినా మామూలుగా సబ్జెక్ట్ లైన్ బయటికే కనిపిస్తుంది, కాబట్టి అక్కడ వ్యాపారి పేరుగానీ మొత్తంగానీ రాయకుండా తేదీ ఒక్కటే పెడుతున్నాను.