పెళ్లి పట్టుచీర సెకండ్‌హ్యాండ్‌లో కొంటున్నారా? మడత విప్పి చూసేదాకా అడ్వాన్స్ పంపకండి

"ఒక్కసారే కట్టింది, కంచి ప్యూర్ జరీ, ₹30,000 చీర ₹12,000కే" అంటూ పెళ్లి ఫొటోతో పెట్టే చీరల్లో మోసమంతా మడతల్లోనూ జరీలోనూ ఉంటుంది. ఫొటోలో ఆ రెండూ కనపడవు.

బరువైన జరీ చీర ఏళ్లతరబడి ఒకే మడతలో బీరువాలో ఉండిపోతే ఆ గీత వెంబడి పట్టు పోగులు చిట్లుతాయి. పాలిష్ పెట్టించి ఇస్త్రీ చేయిస్తే పైకి ఏమీ తెలియదు. కట్టుకుని పీటల మీద కూర్చున్నాక పర్రున చిరుగుతుంది. అందుకే చీరంతా విప్పి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి ప్రతి మడతా చూడండి. సూదిబెజ్జాల్లా వెలుతురు కనపడితే బేరమాడకుండా వచ్చేయండి; రఫ్ఫు చేయించినా దాని పక్క పోగు తెగుతుంది. అంచూ బాడీ కలిసేచోట అటూ ఇటూ మెల్లగా లాగి చూడండి, పోగులు జరుగుతుంటే అదీ నిలవదు.

"కిలో బరువుంది, ప్యూర్ కాకపోతే ఇంత ఉంటుందా" అంటారు. రాగి జరీ కూడా బరువే! అసలు జరీ అంటే పట్టు పోగుకు వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేసింది. గోరుతో గీకితే తళుకు పొరలా ఊడొస్తే అది ప్లాస్టిక్ జరీ. రాగికీ వెండికీ తేడా కంటికి తెలియదు కాబట్టి "పాత పట్టుచీరలు కొనబడును" అని బోర్డు పెట్టినవాళ్లకు చూపించండి. వాళ్లు డబ్బిచ్చేది వెండికే; మాకొద్దన్నారంటే వెండి లేనట్టే. సిల్క్ మార్క్ ట్యాగ్ చూపించి జరీకి కూడా గ్యారంటీ అంటే నమ్మొద్దు, ఆ గుర్తు పట్టుకు మాత్రమే. పైగా విడి ట్యాగ్ ఏ చీరదో ఎవరికి తెలుసు?

పట్టు పరీక్షకు లోపలి కొస నుంచి ఒక పడుగు (నిలువు) పోగు, ఒక పేక (అడ్డం) పోగు తీసి కాల్చండి. వెంట్రుకలు కాలిన వాసనొచ్చి బూడిద వేళ్ల మధ్య పొడైతే పట్టు, గట్టి ఉండ కడితే పాలిస్టర్. కొంగు కుచ్చుల దారం తీయకండి, అది తర్వాత వేరే దారంతో కట్టించి ఉండొచ్చు.

తలంబ్రాల పసుపు మరకల్ని కుచ్చిళ్లలోకి మడిచేస్తారు. ఊరు దూరమైతే పగటి వెలుగులో కొంగు నుంచి లోపలి కొస దాకా మొత్తం 5.5 మీటర్లూ వీడియో కాల్‌లో చూపించమనండి. మగ్గం వర్క్ బ్లౌజ్ అయితే లోపల కుట్టు విప్పుకోవడానికి గుడ్డ వదిలారో లేదో కూడా అడగండి.

అమ్మేవాళ్లకూ ఒక మాట: "క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అన్నవాడు కొనడానికి రాలేదు. యూపీఐలో పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలోంచి పోతుంది, రాదు. పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి.