తొమ్మిదేళ్లుగా లాల్‌బాగ్: ఫ్లవర్ షోకి కాదు, మామూలు మంగళవారం పొద్దున వెళ్లండి

బెంగళూరు లాల్‌బాగ్ తోట అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఫ్లవర్ షో. నన్నడిగితే ఆఖర్న చెప్పుకోవాల్సింది అది. అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్లయింది. మొదటి రెండేళ్లూ నేనూ ఆ షోకే వెళ్లాను. జనం తలల మీదుగా ఫోను పైకెత్తి ఫొటోలు తీసుకుని, పీకుతున్న కాళ్లతో ఇంటికొచ్చాను. తర్వాత జయనగర్‌కి ఇల్లు మారాం. అప్పట్నుంచి వారానికి మూడు పొద్దులు అక్కడే నడక. పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్లకు టికెట్టు అక్కర్లేదు కాబట్టి ఇన్నేళ్లలో నాకైన ఖర్చంతా చెప్పులదే.

తోట మొత్తం 240 ఎకరాలు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టించాడు, టిపూ సుల్తాన్ పెంచాడు. ఒక్కపూటలో చూసేద్దామని వచ్చినవాళ్లు గాజుమేడ, పూల గడియారం, చెరువు చూసుకుని "ఇంతేనా" అంటూ వెళ్లిపోతారు. వాళ్ల తప్పేం లేదు. ఈ తోట ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా చూపిస్తుందే తప్ప ఒక్కరోజులో తెరిచి చూపించదు.

దానికో కారణం ఉంది. క్రుంబీగల్ అనే జర్మన్ ఉద్యానవేత్త లండన్‌లోని క్యూ తోటలో పనిచేసి, బరోడా మీదుగా 1908లో మైసూరు సంస్థానం కొలువుకొచ్చాడు. ఒక జాతి చెట్ల పూత రాలేలోపు ఇంకో జాతి పూతకు రావాలని లెక్కేసి ఈ ఊళ్లో చెట్లు నాటించాడు. ఆ లెక్క నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది. దసరా దాటాక ఆకాశమల్లె మొదలవుతుంది. పొడుగు కాడల తెల్లపూలు తెల్లారేసరికి దారంతా రాలి ఉంటాయి, తొక్కకుండా నడవడం కష్టం. చలికాలం వచ్చేసరికి గులాబీరంగు టబెబుయాలు. ఫిబ్రవరి, మార్చిల్లో పసుపు టబెబుయాలు, ఒక్క ఆకు కూడా లేకుండా చెట్టంతా పువ్వే. ఉగాది దగ్గరికి ఊదారంగు జకరండా, ఆ వెనకే మన రేల, తురాయి. ఎండాకాలం సెలవులకు పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లకు ఈ చివరి రెండూ దొరుకుతాయి.

ఒక్కటే చెట్టు చూడ్డానికి టైముంటే మాత్రం తెల్లబూరుగ దగ్గరికి వెళ్లండి. దాని వేళ్లు నేలలోంచి గోడల్లా పైకి లేచి ఉంటాయి. రెండు వేళ్ల సందులో ఓ మనిషి దాక్కోవచ్చు. ఓ ఏప్రిల్‌లో అమ్మని తీసుకెళ్తే కాయలు పగిలి దూది గాలికి తేలుతోంది. అమ్మ చెంగు చాపి రెండు పింజలు పట్టుకుని, వేళ్లతో నలిపి చూసి, "ఇది మన పాత దిండ్లలో దూదే కదే" అంది. ఆ మధ్యాహ్నం మిగతా తోటంతా ఆమె కంటికి ఆనలేదు.

తోటలో ఉన్న పెద్ద బండ సంగతి వేరే. కెంపేగౌడ గోపురం దాని మీదే ఉంది. సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అని అక్కడి బోర్డు చెబుతుంది. పొద్దున అది ఎక్కి కూర్చోండి, చాలు.

ఇక మొక్కల సలహాలు. మా బాల్కనీ తూర్పు ముఖం, ఎండ పదిన్నర దాకే. అందులో మల్లె మూడేళ్లపాటు ఆకులు వేసిందే కానీ పువ్వు పూయలేదు. తోటలో పాదులు చేసే ఓ పెద్దాయన తెలుగు మాట్లాడతాడని తెలిసి ఓ రోజు అడిగాను. ఆయనది కోలారు వైపు తెలుగు.

"దినామూ నీళ్లు పోస్తావేమ్మా?"

"పోస్తాను."

"అట్లయితే అది ఎందుకు పూస్తుంది? తిండికి లోటు లేదు కదా దానికి. సంక్రాంతికి ముందు నీళ్లు మానెయ్. ఆకు వాడినాక కత్తిరించు. ఆమీద ఎరువేసి నీళ్లు కట్టు."

ఆయన చెప్పినట్టే పది, పన్నెండు రోజులు నీళ్లు ఆపి, కొమ్మల్ని సగానికి కోసి, మిగిలిన ఆకు దూసేశాను. కుండీలో మోడు చూసి మా ఆయన "చంపేశావా" అన్నాడు. మార్చి ఆఖరుకి చిగురు చివర్న మొగ్గలొచ్చాయి. ఆ ఏడు రోజుకు గుప్పెడు, ఎక్కువ పూసిన రోజు ఓ మూర. ఇప్పటికీ ఏటా అదే పద్ధతి.

మందారానికి పిండినల్లి అనే తెల్ల పురుగు పట్టినప్పుడూ ఆయన్నే అడిగాను. మందు కొట్టబోయే ముందు పాత టూత్‌బ్రష్షుతో తోమి కడిగెయ్యమన్నాడు. తర్వాత లీటరు నీళ్లకి ఓ చెంచా వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టాలి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వారానికోసారి చొప్పున మూడుసార్లు కొడితేనే పోయింది, ఒక్కసారికి పోలేదు.

మొక్కలు కొనడం గురించి ఓ హెచ్చరిక. ఊళ్లో ఓ అంగట్లో విరబూసిన గులాబీ చూసి ముచ్చటపడి కొన్నాను. నెలలోపే ఎండిపోయింది. పీకి చూస్తే వేళ్ల చుట్టూ ఇటుకలా గట్టిపడ్డ బంకమట్టి ముద్ద. పైన పోసిన నీళ్లన్నీ పక్కనుంచి జారిపోయాయే కానీ లోపలికి దిగలేదు. ఇప్పుడు ఏ గులాబీ తెచ్చినా ముద్దతోసహా అరగంట బకెట్టు నీళ్లలో నానబెట్టి, పై మట్టి చేతివేళ్లతో మెల్లగా రాల్చి, అప్పుడు కుండీలో పెడతాను. పువ్వు చూసి కొనడం మానేశాను, చిగురు చూసి కొంటాను.

ఈ తోటకీ మన వంటింటికీ ఓ చుట్టరికం ఉంది. మనం బెంగళూరు వంకాయ అనే కూర నిజానికి వంకాయా కాదు, బెంగళూరుదీ కాదు. మెక్సికో వైపు పుట్టిన తీగ. లాల్‌బాగ్ చూసుకున్న జాన్ కేమరాన్ అనే దొర దాన్ని ఈ ఊళ్లో పాకించాడు. ఇక్కడ సీమె బదనెకాయి అంటారు. ఈ సంగతి చెబితే అమ్మ, "అందుకేనేమో ఆ చప్పదనం" అని, అదే పూట పెసరపప్పు వేసి వండింది.

తక్కువ మార్కులు వేయాల్సినవీ ఉన్నాయి. చెట్ల మీది పేరు పలకలు మనలాంటివాళ్లకి పెద్దగా పనికిరావు. శాస్త్రీయనామం చదివి అది కానుగ అని పోల్చుకోవడం ఎవరివల్ల అవుతుంది? నడక ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వస్తే ఒక మూల ఎంచుకుని అక్కడే గడపండి. ఆదివారం సాయంత్రం చెట్ల కంటే సెల్ఫీ కర్రలు ఎక్కువ.

ఫ్లవర్ షో అసలు వద్దని కాదు. ఏటా రెండుసార్లు, జనవరి 26కి, ఆగస్టు 15కి. 1889లో పునాది వేసిన ఆ గాజుమేడ నిండా పూలు పేర్చడం ఒక్కసారైనా చూడాల్సిందే. పని రోజు పొద్దున గేటు తెరవగానే, అదీ మొదటి మూడు నాలుగు రోజుల్లోనే వెళ్లండి. పండగ రోజు మాత్రం వద్దు. లోపల మీరు నడవరు, వెనకవాళ్లే నడిపిస్తారు.

ఇది రాస్తున్నది ఫిబ్రవరి మొదటివారం. మల్లె కత్తిరించి పది రోజులైంది. తోటలో పసుపు టబెబుయాలు ఆకు రాలుస్తున్నాయి, ఒకటి రెండు కొమ్మలకి మొగ్గ కనబడింది. రావాలనుకునేవాళ్లు ఇంకో రెండు వారాలాగి, మెట్రో గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగి, ఏడున్నరలోపు లోపలుండండి. ఎనిమిది దాటితే ఊడ్చేవాళ్లు వస్తారు, దారి మీద పువ్వు మిగలదు.