అజిలిటీ కుక్క జంప్‌లో లోపం పట్టడానికి ఐఫోన్ స్లో-మో ఎంతవరకు పనికొస్తుంది?

అజిలిటీ అంటే కుక్క అడ్డంకులు దాటుతూ పరుగెత్తే ఆట. దూకాల్సిన అడ్డకర్ర (బార్) పడగానే చాలామంది హ్యాండ్లర్లు, అంటే కుక్కను నడిపించేవాళ్లు, కుక్కనే తప్పుపడతారు. అసలు సంగతి టేకాఫ్‌కు, అంటే నేల విడిచి లేవడానికి, ముందు అడుగుల్లోనే తేలిపోతుంది, కానీ ఆ వేగంలో అది కంటికి అందదు. సెకనుకు 5 మీటర్లు పరుగెత్తే కుక్క, సెకనుకు 30 ఫ్రేములు తీసే మామూలు వీడియోలో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య 17 సెంటీమీటర్లు దాటేస్తుంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో-మోలో అది 2 సెంటీమీటర్లే. ఈ పనికి స్లో-మో నిజంగా అక్కరకొస్తుంది.

సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ స్లో-మో తెరిచి 1080పీ, 240 ఎంచుకోండి. ఫోన్‌ను జంప్‌కు సరిగ్గా పక్కగా, నాలుగైదు మీటర్ల దూరంలో, బార్ ఎత్తులోనే స్టాండుపై అడ్డంగా పెట్టాలి. కోణం కాస్త మారినా టేకాఫ్ దూరం తప్పుగా కనిపిస్తుంది. బార్‌కు రెండు వైపులా నేల మీద 30 సెంటీమీటర్లకో సుద్దగీత గీయండి. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేయడం మరవొద్దు.

ఇప్పుడు దూకే వంపు చూడండి. దాని శిఖరం బార్‌కు నేరుగా పైన ఉండాలి. బార్‌కు ముందే శిఖరం వస్తే టేకాఫ్ తొందరపడినట్టు. దిగుతూ వెనక కాళ్లు బార్‌ను తాకుతాయి. మరీ దగ్గరకొచ్చి లేస్తే ముందు కాళ్లు తగులుతాయి. తల ఎత్తి, వెన్ను చదునుగా దూకే కుక్కకు కాళ్లు ముడుచుకోవడానికి చోటు మిగలదు. టేకాఫ్‌కు ముందు పొట్టి అడుగులతో తడబడుతుంటే దూరం అంచనా అందడం లేదన్నమాట. ప్రతి జంప్‌కూ ఇలాగే తొందరపడి లేచే కుక్కకు శిక్షణ పెంచేముందు కంటి పరీక్ష చేయించండి.

ఎడమవైపు నుంచీ కుడివైపు నుంచీ, హ్యాండ్లర్ పక్కన పరుగెత్తుతూ, ఆ తర్వాత ముందే నిలబడి పిలుస్తూ తీయాలి. హ్యాండ్లర్ పక్కన పరుగెత్తుతున్నప్పుడే బార్ పడితే సైగ ఆలస్యమవుతోందేమో చూడండి. ఏ వైపు నుంచి దూకినా ఒకే వెనక కాలు పక్కకు జారుతుంటే ఎత్తు తగ్గించి ఊరుకోకూడదు. దూకించడం ఆపి, ఆ వీడియోతో పశువైద్యుడి దగ్గరకు వెళ్లండి. మోకాలు, తుంటి, నడుమును తొడకు కలిపే ఇలియోప్సోస్ కండరం, వీటిలో ఏది బాధిస్తోందో ఫోన్ చెప్పలేదు.

లోపాలు ఉన్నాయి. 240 ఫ్రేములకు వెలుతురు చాలా కావాలి. సాయంత్రం తీస్తే గోళ్లు, బార్ అంచు మసకబారతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద వీడియో మినుకుమంటుంది. ఉదయపు ఎండ ఉత్తమం. వాట్సాప్‌లో పంపితే కుదింపులో వివరాలు పోతాయి. మ్యాక్ ఉంటే క్విక్‌టైమ్‌లో బాణం మీటలతో ఒక్కో ఫ్రేమూ జరిపి చూడొచ్చు.

ఇందుకని కొత్త ఫోన్ కొననక్కర్లేదు. 2017 నాటి ఐఫోన్ 8లోనే ఈ సదుపాయం ఉంది.