‘వేమి’ పాత వర్తమానమా, రూపు మారిన లిట్టా: ఏది మేలు?

‘నాకు తెలుసు’ అనడానికి ఆది స్లావిక భాషలో (రష్యన్, పోలిష్, చెక్ వంటి స్లావిక భాషలకు మూలమైనది) రెండు రూపాలు ఉండేవని భాషా చరిత్రకారులు పునర్నిర్మించారు. ఒకటి *వేమి, రెండోది *వేదే (నక్షత్రం గుర్తు పునర్నిర్మించిన రూపమని చెబుతుంది). (ఇక్కడ ‘ఏ’ అని రాసింది ‘యాత్’ అనే స్లావిక అచ్చు, ‘వేమి’ చివరి ఇకారం అతిహ్రస్వం.) పోలిష్ ‘వ్యెమ్’, చెక్ ‘వీమ్’ మొదటిదాని సంతానం. రెండోది ప్రాచీన చర్చి స్లావోనిక్‌లోనూ (మతగ్రంథాల్లో నిలిచిన పాత స్లావిక భాష) పాత చెక్‌లోనూ కనిపించి తర్వాత మరుగున పడింది. వీటిలో ‘వేమి’ పుట్టుక గురించి రెండు వాదాలున్నాయి. అది సంస్కృతం, గ్రీకు, స్లావిక భాషలకు ఉమ్మడి పూర్వభాష అయిన ఇండో-యూరోపియన్ మూలభాష నుంచి నేరుగా వచ్చిన వర్తమాన రూపమని ఒక వాదం. అసలు రూపం ‘వేదే’ వంటి లిట్ (సంస్కృత వ్యాకరణంలో ఒక భూతకాల క్రియారూపం; ‘తెలుసు’ క్రియలో మాత్రం దాని అర్థం వర్తమానమే) అని, ‘వేమి’ తర్వాత దాని మీద కట్టుకున్నదని రెండో వాదం.

ముందు రూపాలను చూద్దాం. ఏకవచనం వేమి, వేసి, వేస్తి. బహువచనం వేము, వేస్తె, వేదెంతి. ధాతువు ‘వేద్’ అయినా దకారం బయటపడేది చివరి రూపంలోనే. మకార సకారాల ముందు అది లోపించింది, తకారం ముందు సకారమైంది. రష్యన్లు నేటికీ ‘బోగ్ వేస్త్’ అంటారు. మనం ‘దేవుడికే ఎరుక’ అనే చోట వారి నోట పలికేది ఈ ‘వేస్తి’యే.

మొదటి వాదం సంస్కృతం తెలిసినవారికి వెంటనే నచ్చుతుంది. ‘వేస్తి’ పక్కన ‘వేత్తి’ని, ‘వేదే’ పక్కన ‘వేద’ను పెట్టగానే రెండు జంటలూ కుదిరినట్టే ఉంటాయి. భగవద్గీత రెండో అధ్యాయంలో ‘య ఏనం వేత్తి హంతారం’ అన్న తర్వాత రెండు శ్లోకాలకే ‘వేదావినాశినం’ (వేద + అవినాశినం) వస్తుంది. విద్ ధాతువుకు లట్టులో (వర్తమానంలో) లిట్ ప్రత్యయాలు వికల్పంగా వస్తాయని పాణిని ‘విదో లటో వా’ అనే సూత్రంలో (3.4.83) చెప్పనే చెప్పాడు. అయితే ఋగ్వేదంలో ‘తెలుసు’ అనే అర్థానికి ప్రధాన రూపం ‘వేద’. ‘వేత్తి’ బలపడింది తర్వాతి కాలపు సంస్కృతంలో. అందువల్ల ఈ పోలిక రెండు భాషలకూ ఉమ్మడి వారసత్వం కాక, రెండు చోట్లా విడివిడిగా జరిగిన ఒకే రకపు మార్పు కావచ్చు.

తీర్పు చెప్పేది అచ్చు. మూలభాషలోని ఎయ్, ఒయ్ అనే రెండు సంయుక్తాచ్చులూ సంస్కృతంలో ‘ఏ’ అయిపోయాయి కాబట్టి, ‘వేత్తి’లోని ఏకారం దేని నుంచి వచ్చిందో ఆ రూపం చూసి చెప్పలేము. స్లావిక్ ఆ తేడాను కాపాడింది: ‘ఎయ్’ అక్కడ ‘ఈ’ అయింది, ‘ఒయ్’ యాత్ అయింది. ‘వెళ్తాడు’ అనే సంస్కృత ‘ఏతి’కి బంధువైన స్లావిక క్రియ ‘ఇతి’ (వెళ్లడం). పాత జర్మానిక్ భాష గోతిక్‌లోని ‘స్నైవ్స్’ (మంచు)కు బంధువు యాత్ ఉన్న ‘స్నేగు’. ‘అస్మి, ఏతి’ తరహా పాత వర్తమానాలకు ఏకవచనంలో ఎకారం సహజం. ‘తెలుసు’ క్రియ ఆ తరహాదే అయితే స్లావిక్‌లో ‘వీమి’ రావాలి, ‘వేమి’ రాకూడదు. లిట్‌కు సహజమైనది ఒకారం. గ్రీకు ‘ఒయ్ద’లో అది నేరుగా వినిపిస్తుంది. వర్తమానంలోకి లిట్ అచ్చు చొరబడిందని మొదటి వాదాన్ని నిలబెట్టవచ్చు గానీ, అలా అన్నాక లిట్టే మొదటిదని ఒప్పుకున్నట్టే కదా! ఈ ఒక్క కారణంతోనే నేను రెండో వాదం వైపు నిలుస్తాను.

మరి -మి ఎక్కడిది? ‘తినడం’ అనే క్రియ రూపాలు చూడండి: యేమి, యేసి, యేస్తి, యేదెంతి. అది సంస్కృత ‘అద్మి, అత్తి’ల తోబుట్టువు, నిఖార్సైన పాత వర్తమానం. దకారాంతమైన ధాతువు, అదే అచ్చు, అర్థంలో వర్తమానం అనే మూడు పోలికలూ ఉన్నప్పుడు ‘వేద్’ దాని మూసలోనే పోతపోసుకోవడంలో ఆశ్చర్యం లేదు. లిట్ రూపాలన్నీ భాషలోంచి తొలగిపోయి ఇదొక్కటే మిగిలినప్పుడు ఆ ఒంటరి రూపానికి అండ కావలసి వచ్చింది.

రెండో వాదానికీ ఒక చిక్కుంది. లిట్ బహువచనంలో ధాతువు బలహీనం కావాలి, అంటే దాని అచ్చు కుదించుకుపోవాలి: సంస్కృతం ‘విద్మ’, గోతిక్ ‘విటుమ్’. స్లావిక్‌లో మాత్రం ‘వేము’లోనూ బలమైన అచ్చే ఉంది. అయితే బాల్టిక్ శాఖకు చెందిన పాత ప్రష్యన్‌లో ‘మాకు తెలుసు’ అనే ‘వైదిమై’లోనూ అదే బలమైన అచ్చు ఉంది కనుక, ఏకవచనపు అచ్చు బహువచనానికి పాకడం బాల్టిక్, స్లావిక్ శాఖలు కలిసి ఉన్న నాటిదే కావచ్చు. ఇది వాదాన్ని కూల్చదు.

‘వేదే’ చివరి అచ్చు గురించి మాత్రం ఇంత గట్టిగా మాట్లాడలేను. అది ‘-అయ్’ నుంచి వచ్చింది. లాటిన్ ‘వీదీ’ (చూశాను) చివర ఉన్నదీ అదే. అది ఆత్మనేపద (సంస్కృత క్రియకున్న రెండు ప్రత్యయ వర్గాల్లో ఒకటి) ప్రత్యయమని కొందరు, రెండో వర్గమైన పరస్మైపదపు ‘-అ’కు వర్తమానాన్ని సూచించే ‘ఇ’ చేరి ఏర్పడిందని కొందరు అంటారు. ధ్వని నియమాలు రెంటినీ ఒప్పుకుంటాయి. ఆత్మనేపదమైతే సంస్కృత ‘విదే’లోలాగా ధాతువు బలహీనంగా ఉండవలసింది, ఇక్కడ అలా లేదు, కాబట్టి రెండోదే నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది.