పావురాలను తరిమే యంత్రం కొనబోతున్నారా? ముందు నా సంగతి చదవండి

ఆ దుకాణం నుంచి ఇంటికి వచ్చి గంట కూడా కాలేదు, చెప్పులు విప్పి నేరుగా రాయడానికి కూర్చున్నాను కాబట్టి మాటల్లో వేడి ఎక్కువగా ఉంటే మన్నించాలి. ఎవరి గురించి రాస్తున్నానో మన హైదరాబాదు తోటల గ్రూపులో ఉన్నవారికి విడిగా చెప్పనక్కరలేదు. ప్రతి ఆదివారం పిచ్చుక గూళ్ల ఫొటోలు పెట్టి, వాటి కింద ‘పావురాల బెడదకు శాశ్వత పరిష్కారం’ అని రాసే పెద్దమనిషే. పేరు మాత్రం రాయను. పావురాలను తరిమే సౌర యంత్రానికి 3,850 రూపాయలు, దానితోపాటు అంటగట్టిన ‘పావురం వాలని’ గింజల డబ్బాకు 1,650 రూపాయలు, వెరసి 5,500 రూపాయలు ఆయనకు సమర్పించుకుని సంపాదించిన జ్ఞానం ఇది. మీకు ఉచితంగా ఇస్తున్నాను.

ముందు జరిగినది క్లుప్తంగా చెబుతాను. మాది సొంత ఇల్లు, ముందు కొద్దిపాటి మెక్సికన్ గడ్డి, పక్కన జామచెట్టు. ఉద్యోగ విరమణ చేసిన ఏడాది ఆ చెట్టు కొమ్మకు పిచ్చుకల కోసం గింజల డబ్బా వేలాడదీశాను. పిచ్చుకలు వచ్చాయి, వాటి వెనకే గోరింకలు, ఉడుతలు వచ్చాయి, వాటితో మాకు పేచీ లేదు. తరువాత వీధి చివర అపార్టుమెంటు వాళ్లు బాల్కనీలన్నిటికీ వలలు కట్టించుకోవడంతో అక్కడి పావురాల మంద మా గడ్డి మీదికి దిగింది. ముప్పయి గ్రాములు తూగడమే కష్టమైన పిచ్చుక తినే డబ్బా మీద మూడు వందల గ్రాములకు పైబడిన పావురం వచ్చి వాలితే డబ్బా ఊగుతుంది, గింజలు కింద పోతాయి, కింద మరో పది పావురాలు వాటి కోసమే కాచుకుని ఉంటాయి. గడ్డి నిండా రెట్ట, మధ్యమధ్య పసుపు మచ్చలు. మా ఆవిడకు ఉబ్బసం ఉంది. పావురాల రెట్ట, ఈకల ధూళి పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు గురించి డాక్టరు గట్టిగానే హెచ్చరించారు. 2025లో ముంబయిలో పావురాలకు గింజలు వేసే చోటైన దాదర్ కబూతర్‌ఖానాకు టార్పాలిన్ కప్పినప్పుడు జరిగిన గొడవంతా టీవీలో చూసి, పావురాలకు గింజలు వేసేవారిని తిట్టుకున్నవాణ్ణి నేను. తీరా చూస్తే మా ఇంటి ముందే ఒక చిన్న కబూతర్‌ఖానా వెలసింది.

బాల్కనీ అయితే మేమూ వల కట్టించి ఊరుకునేవాళ్లం. చెట్టుకూ గడ్డికీ కలిపి వల కడితే పిచ్చుక కూడా బయటే ఉండిపోతుంది. సరిగ్గా ఆ ఇరకాటంలో ఉన్నప్పుడు ఈయన నా ఫోనుకు సందేశంగా పంపిన హామీ ఏమిటంటే, యంత్రం 25 కిలోహెర్ట్జ్‌కు, అంటే 25,000 హెర్ట్జ్‌కు పైబడిన, మనిషి చెవికి అందని అతిధ్వనులను వెలువరిస్తుందనీ, అవి పావురం చెవికి మాత్రమే గుచ్చుకుంటాయనీ, పిచ్చుకకు ఏమీ కాదనీ, వారం తిరిగేసరికి ఒక్క పావురం కనిపించినా డబ్బు వాపసు ఇస్తాననీ. అట్టపెట్టె మీద పావురం బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత కూడా ఉన్నాయి. ఆ గీత చూసి నమ్మాననుకుంటాను.

కుర్రవాడొకడు వచ్చి గడ్డి మధ్యలో ఊచ పాతి, దానికి యంత్రాన్ని బిగించి, నీలి దీపం వెలగగానే ఫోనులో డబ్బు వేయించుకుని వెళ్లాడు. బిల్లు అడిగితే ‘సార్ పంపిస్తారు’ అన్నాడు. ఇప్పటివరకు రాలేదు. మొదటి రెండు రోజులు పావురాలు కాస్త దూరం జరిగిన మాట నిజమే. కొత్త వస్తువు ఏది పెట్టినా, అది బోర్లించిన బకెట్టయినా సరే, రెండు రోజులు అనుమానంగా చూడటం వాటికి అలవాటు. నేను మాత్రం ఆ రెండు రోజుల సంబరంలో గ్రూపులో ఆయనను మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు రాశాను. ‘విజ్ఞాన శాస్త్రం బోధించినవాడిగా దీనిని అందరికీ సిఫారసు చేస్తున్నాను’ అన్నది వాటిలో చివరిది. ఆ వాక్యం చదివి ఎవరైనా కొని ఉంటే వారికి నా క్షమాపణలు.

మూడో రోజు ఉదయం ఆరున్నరకు కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చేసరికి బాగా బలిసిన మగ పావురం ఒకటి యంత్రం నెత్తిన కూర్చుని ఉంది. మెడ ఉబ్బించి, ఆ మెడ మీది ఆకుపచ్చ, ఊదా రంగులు ఎండకు మెరుస్తుండగా, అరచేయంత సౌర ఫలకం మీదే గుండ్రంగా తిరుగుతూ, కింద గడ్డిలో ఉన్న ఆడ పావురానికి వంగి వంగి దణ్ణాలు పెడుతోంది. దాని కాళ్ల కింద నీలి దీపం క్రమం తప్పకుండా మిణుకుమంటోంది. కొంతసేపటికి అది తోక ఎత్తి, ఫలకం మీద చేయవలసిన పని చేసి, సావకాశంగా గింజల డబ్బా మీదికి ఎగిరింది. అదంతా ఫోనులో వీడియో తీశాను, ఒక నిమిషం నలభై సెకన్లు ఉంది.

ఇక నన్ను నేను తిట్టుకోవలసిన చోటు వచ్చింది. ముప్పయి ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో భౌతిక శాస్త్రం చెప్పాను. మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుందనీ, ఆపైవి అతిధ్వనులనీ, అవి కుక్కలకూ గబ్బిలాలకూ వినబడతాయనీ నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ జాబితాలో పావురం ఏనాడూ లేదు. డబ్బు పోయాక తీరికగా చదివితే తెలిసిందేమిటంటే, పావురం బాగా వినేది 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్యనే. పై అంచున దాని వినికిడి మన కన్నా ఎంతో ముందే ఆగిపోతుంది, కింది అంచున మాత్రం మనకు అందని మంద్ర ధ్వనులను సైతం అది వింటుంది. అంటే ఎటువైపు ధ్వని పంపితే పావురానికి వినబడదో సరిగ్గా అటువైపే పంపేలా ఈ యంత్రాన్ని తయారు చేశారన్నమాట. పిచ్చుకకు ఏమీ కాదని ఆయన చెప్పిన మాట అక్షరాలా నిజం. పావురానికి కూడా ఏమీ కాదు.

యంత్రం వల్ల బాధ పడింది పక్కింటి కుక్క ఒక్కటే. కుక్క చెవికి 40,000 హెర్ట్జ్ దాకా వినబడుతుంది కాబట్టి, పాపం అది పగలంతా మా ప్రహరీ వైపు తిరిగి మొరగడం మొదలుపెట్టింది. ‘మీరేదో పెట్టినప్పటి నుంచి మావాడు అన్నం సరిగ్గా ముట్టడం లేదండీ’ అని పక్కింటివారు మర్యాదగా అన్నారు. ఆ మర్యాదకే నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే మీట ఆపేశాను.

‘పావురం వాలని’ డబ్బా గురించి ఎక్కువ చెప్పను. రాలిన గింజలు పట్టుకోవడానికట, దాని అడుగున భోజనం పళ్లెమంత వెడల్పు తట్ట బిగించారు. రెండు పావురాలు ఎదురెదురుగా కూర్చుని తీరిగ్గా భోంచేయడానికి అంతకన్నా అనువైన పీట ఉండదు.

వారం పాటు ఫోను చేశాను, ఎత్తలేదు. ఈ రోజు యంత్రాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని ఆటోలో దుకాణానికే వెళ్లాను. అప్పటికే నలుగురైదుగురు ఉన్నారు. వారిలో ఒకావిడ చేతిలో అదే ఎర్రగీత అట్టపెట్టె ఉంది. వీడియో చూపించాను. ఆయన టీ తాగుతూ మొత్తం చూశాడు, పావురం దణ్ణాలు పెట్టే చోట వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. డబ్బు వాపసు మాట ఎత్తాను.

“మిషన్ మంచిగనే పనిచేస్తున్నది సార్, లైటు కనబడ్తలేదా?”

“లైటు కోసం కొనలేదు బాబూ, పావురాలు పోతాయని కొన్నాను.”

“అయితే మీ పావురాలకు చెవుడున్నట్టుంది సార్.”

అందరూ నవ్వారు. అట్టపెట్టె పట్టుకున్న ఆవిడ కూడా నవ్వారు. ఈ ధ్వనికి లోకంలోని పావురాలన్నిటికీ చెవుడేనయ్యా, ముప్పయి ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి నాకు తెలుసు, అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, నా విద్యార్థుల్లో ఒకడి వయసు కూడా లేనివాడు, నా ముఖంలోకి చూసి, “తెలిసినోళ్లు మరి ఎట్ల కొన్నరు సార్?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆటోలో దారి పొడవునా వెతుక్కున్నాను, ఇప్పటికీ దొరకలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. తన ఫోను తీసి, గ్రూపులో నేను రాసిన నాలుగు వాక్యాలు బయటకు లాగి, నాకు కాదు, ఆవిడకు చూపించాడు. “చూడున్రి మేడమ్, సైన్సు సార్ సొంతంగ రాసిన్రు.” నేను పక్కనే, చేతిలో పనికిరాని యంత్రంతో, నిలబడి ఉండగా నా మాటనే నా ఎదుట సాక్ష్యంగా వాడుకుని సరుకు అమ్ముకుంటున్నాడు! ఆ క్షణాన ‘అమ్మా, కొనకండి’ అనడానికి రెండు ముక్కలు చాలు. నోరు పెగల్లేదు. అవమానం మింగుకునే పనిలో ఉండిపోయి, ఆవిడ డబ్బు కట్టారో లేదో కూడా చూడకుండా మెట్లు దిగాను. 5,500 రూపాయల కన్నా నన్ను ఎక్కువగా తొలుస్తున్నది ఈ పిరికితనమే, ఇలా హడావిడిగా రాయడానికి కారణమూ అదే.

దిగుతుంటే వెనక నుంచి ఒక ఉపకారం కూడా ప్రకటించాడు. ఇంకో ఆరు వందలు ఇస్తే ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మ ఇస్తాడట. కదలని బొమ్మకు పావురం ఎన్నాళ్లు భయపడుతుందో బకెట్టు అనుభవంతో నాకు తెలుసు. పైగా గుడ్లగూబను తెచ్చి గుమ్మం ఎదుట నిలబెడితే మా ఆవిడ నన్నే గుమ్మం బయట నిలబెడుతుంది.

బిల్లు పట్టుబట్టి తీసుకోకపోవడం నా తప్పే. అయితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడమూ రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువేదీ రాసి లేకపోతే 30 రోజులు లెక్క. నాకు ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నాయి. డబ్బు వెళ్లిన ఆధారం, ఆయన పంపిన హామీ, వీడియో మూడూ దగ్గర పెట్టుకుని రేపు ఉదయమే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేస్తున్నాను.

పావురాల మాటకొస్తే, యంత్రం లేకుండా చేసిన పనులే కాస్త ఫలించాయి. బజారులో దొరికే కలగలుపు గింజల్లో గోధుమలు, మొక్కజొన్న నూక ఎక్కువ. పిచ్చుక తనకు కావలసిన చిన్న గింజ ఏరుకుని మిగతావి కింద విసిరేస్తుంది, పావురాలకు ఆహ్వానం అదే. ఇప్పుడు కొర్రలు మాత్రమే, అవీ పిడికెడు, ఉదయం పూట పోస్తున్నాను. ఆ తట్టను రంపంతో కోసేశాను, డబ్బా చుట్టూ నాలుగు సెంటీమీటర్ల సందుల తీగ పంజరం కట్టాను, సాయంత్రం గడ్డి మీద రాలినవి ఊడ్చేస్తున్నాను. కోనసీమలో మా అమ్మమ్మ వరి కంకులను కుచ్చుగా కట్టి వసారా చూరుకు వేలాడదీసేది. పిచ్చుక కంకిని పట్టుకుని ఊగుతూ గింజ ఒలుచుకుంటుంది, పావురానికి అక్కడ కాలు నిలవదు. బంధువుల చేత అలాంటిది ఒకటి తెప్పించి నిన్న కట్టాను. ఖర్చు బస్సులో పార్శిల్ చార్జీ మాత్రమే.

ఆయన దగ్గర ఇదే యంత్రం కొన్నవారు మీలో ఇంకెవరైనా ఉంటే, ముఖ్యంగా బిల్లు చేతికి వచ్చిన అదృష్టవంతులు ఎవరైనా ఉంటే, దయచేసి నాకు తెలియజేయండి. ఫిర్యాదు కలిసి చేద్దాం. ఈ మధ్యాహ్నం ఆ దుకాణంలో ఉన్న ఆవిడ ఇది చదువుతుంటే, అమ్మా, పెట్టె విప్పకండి.